ఊఁ అనేదాకా

ఈత టీచరు మాట మీద నిలబడే మనిషని నలుగురూ చెప్పుకోవడం మొదలుపెట్టిన వారమే, ఆవిడకి అద్దంలో మొహం చూసుకోవడానికి మొహం చెల్లలేదు. ఎదురుపడ్డవాళ్లు మెచ్చుకుంటుంటే తల కొట్టేసినట్టుండేది. ఎందుకలా అయిందో చెప్పాలంటే ముందు ఆవిడ చేసే పని సంగతి చెప్పుకోవాలి.

పనిచేసేది నీలం పలకలు పరిచిన ఓ పాత స్విమ్మింగ్ పూల్లో. ఒక వైపు నడుం లోతు, రెండో వైపు మనిషి మీద మనిషి నిలబడ్డా అందని లోతు. చుట్టూ గోడ, గోడకి మేకులు, మేకులకి తడి తువ్వాళ్లు. బట్టలు మార్చుకునే గదిలో నేల ఏ కాలంలోనూ ఆరిన పాపాన పోలేదు. పొద్దున్నే వచ్చి, చిన్న గాజు గొట్టంలో పూల్ నీళ్లు పట్టి, మందు చుక్కలేసి, రంగు సరిగ్గా తిరిగిందో లేదో చూసుకుని, పొడుగు కర్ర వలతో ఆకులూ పురుగులూ తీసిపారేశాకే గేటు తెరుస్తుంది. క్లోరిన్ వాసన ఒంటికి ఎంతగా పట్టేసిందంటే, ఎంత ఖరీదైన సబ్బు రుద్దుకున్నా వీధి మలుపు తిరక్కముందే ఆవిడ వస్తున్నట్టు ఇంట్లోవాళ్లకి తెలిసిపోతుంది.

మగవాళ్లకి వేరే కోచ్ ఉన్నాడు. ఆడవాళ్లూ పిల్లలూ ఈవిడ వంతు. పిల్లలతో పేచీ లేదు. కష్టమల్లా నలభై దాటాక ఈత నేర్చుకుందామని వచ్చే ఆడవాళ్లతోనే. ఒకావిడ మొదటి మెట్టు మీద నిలబడి, ఇంట్లో స్టవ్ కట్టేశానో లేదో చూసొస్తానని వెళ్లిపోతుంది. ఇంకొకావిడ నీళ్లలో దిగాక టీచరు మెడ వాటేసుకుని, మీకు పుణ్యముంటుంది గట్టుకి చేర్చమంటుంది. అక్కడున్నది నడుం లోతు నీళ్లే, అయినా భయానికి కొలతలు తెలీవు.

వీళ్లకోసమే ఆవిడ ఒక పద్ధతి పెట్టుకుంది. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, తల కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి పెట్టి నీళ్ల మీద తేలుస్తుంది. ఒళ్లు వదులయ్యాక, "వదులుతున్నా" అంటుంది. పడుకున్న మనిషి "ఊఁ" అనాలి. ఊఁ అనేదాకా చెయ్యి తియ్యదు. ఆ రోజు అనకపోతే ఆ రోజుకి అంతే, మర్నాడు మళ్లీ మొదటినుంచి. ఈ లెక్కన మీ శిష్యురాళ్లకి ఈత వచ్చేసరికి మనవలు పుడతారని మగవాళ్ల కోచ్ వేళాకోళం చేసేవాడు. ఆవిడ నవ్వి ఊరుకునేది గానీ, పద్ధతి మాత్రం మార్చలేదు.

ఇలా ఉండగా ఆవిడ దగ్గర ఈత నేర్చుకున్న ఒకమ్మాయికి రేడియోలో ఉద్యోగమైంది. ఆదివారం పొద్దున వచ్చే ఒక కార్యక్రమం ఆ అమ్మాయే నడిపేది. మామూలు మనుషులు తాము ప్రాణంలా నమ్మే సంగతేదో ఒకటి సొంతంగా రాసుకొచ్చి, సొంత గొంతుతో చదవాలి. ఒక వారం తాళాలు బాగుచేసేవాడు, ఒక వారం లిఫ్ట్ నడిపే ఆవిడ. ఈసారి మీరే చదవాలి టీచర్ అని ఆ అమ్మాయి చెవిన ఇల్లు కట్టుకుని పోరింది. రాయడమంటే హాజరుపట్టీ తప్ప ఎరగని మనిషి, కాదు కూడదంటూనే ఒప్పుకుంది. రేడియోలో గొంతు వినిపించుకోవాలన్న సరదా ఎవరికి మాత్రం ఉండదు.

ఆవిడ ఉండేది అక్కావాళ్లింటి మేడ మీద గదిలో. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదే అనడిగితే, తల ఆరబెట్టుకోవడానికే తీరిక లేదు, పెళ్లికెక్కడిది అనేది. భోజనం మాత్రం కింద అక్కతో, బావతో కలిసే. బావ సిటీ బస్సు డ్రైవరు. రోజంతా నోరు మూసుకుని బండి నడిపి, ఆ మాటలన్నీ ఇంటికి తెచ్చి ఖర్చుపెట్టే రకం. మరదల్ని చేపపిల్లా అని పిలుస్తాడు. ఆవిడ మొదట రాసిన వ్యాసం, నీరు సకల ప్రాణులకూ ఆధారమనీ, క్రమశిక్షణే విజయానికి పునాది అనీ మొదలయ్యేది. అది విని బావ, "చేపపిల్లా, ఇది రేడియోలో వస్తే జనం లేచి కుళాయి కట్టేశామా లేదా అని చూసుకోవడానికి వెళ్లిపోతారు" అన్నాడు. ఆవిడ ఉడుక్కుంది గానీ, కాగితం మళ్లీ చదువుకుంటే అతనన్నదే నిజమనిపించింది.

రేడియో అమ్మాయి కూడా అదే మాట ఇంకో రకంగా చెప్పింది. మనం, అందరం, సమాజం అని రాయొద్దు టీచర్, నేను అని రాయండి, మీకు జరిగిందే రాయండి, మీ నోటికి రాని మాట ఒక్కటి కూడా రాయొద్దు అంది. చెప్పినంత తేలికా అది? ఆవిడకి జీవితంలో నేను అని రాసే అవసరమే రాలేదు. సెలవు చీటీలో తప్ప. పూల్ కౌంటరు దగ్గర కూర్చుని, పాత టైంటేబుల్ కాగితాల వెనక రాస్తూ కొట్టేస్తూ, తడి వేళ్లకి సిరా అలుక్కుపోతే మళ్లీ రాస్తూ అవస్థపడింది. తను నమ్మేది ఊఁ అనేదాకా చెయ్యి వదలకపోవడం, అంతవరకూ బాగానే ఉంది. కానీ ఎందుకు నమ్ముతున్నావు అంటే మాత్రం, అక్క గురించి రాయకుండా కుదరదు.

అక్కకి నీళ్లంటే భయం. మామూలు భయం కాదు. స్నానం చేసినా భుజాల మీద పోసుకుంటుందే తప్ప తల మీంచి ఒక్క చెంబు పోసుకోదు. తలంటుకోవాలంటే ముందుకి వంగి, ఒక చేత్తో గోడ పట్టుకుని, మొహం మీదకి చుక్క జారకుండా చూసుకుంటుంది. చిన్నప్పుడు నాన్న అక్కకి ఈత నేర్పాలని కాలువలోకి తీసుకెళ్లాడు. పొట్ట కింద చెయ్యి పెట్టి, పట్టుకునే ఉన్నా, కాళ్లాడించు, పట్టుకునే ఉన్నా అంటూ అంటూనే చెయ్యి తీసేశాడు. తీసేసి, ఆ రెండు చేతులూ పైకెత్తి గట్టు మీదున్న వాళ్లకి చూపించాడు. చూడండి, నేను పట్టుకోలేదు, తనే తేలుతోంది అన్నట్టు. గట్టు మీద నవ్వులు విని అక్క తల తిప్పి చూసింది. నాన్న చేతులు గాలిలో కనిపించాయి. అంతే, రాయిలా మునిగిపోయింది. నాన్న చెడ్డవాడేం కాదు, ఈత అలాగే వస్తుందని నమ్మాడు. వెంటనే జుట్టు పట్టుకుని పైకి లాగాడు కూడా. కానీ అక్క ఆ తర్వాత నీళ్లనీ నమ్మలేదు, పట్టుకునే ఉన్నా అన్న మాటనీ నమ్మలేదు.

ఇదంతా గట్టు మీద కూర్చుని చూసిన చెల్లెలు పెద్దయ్యాక ఈత టీచరైంది.

అక్కేమో బేకరీలో కౌంటరు వెనక నిలబడి నిలబడి మోకాళ్లు అరగదీసుకుంది. నీళ్లలో నడవండి, ఈత కొట్టండి, వేరే మార్గం లేదు అన్నాడు డాక్టరు. గాల్లో ఎగరమని చెప్పినట్టు నవ్వింది అక్క. ఆవిడని పూల్ మెట్ల దాకా తీసుకురావడానికి చెల్లెలికి ఒక చలికాలమంతా పట్టింది, నీళ్లలో పడుకోబెట్టడానికి ఇంకో ఎండాకాలం. ఇప్పుడు నడుం కింద రెండు వేళ్లుంటే చాలు, కళ్లు మూసుకుని తేలుతుంది. వదులుతున్నా అంటే మాత్రం, ఉండు ఉండు అంటుంది. ఇంకా ఊఁ అనలేదు. అనేదాకా ఆగుతానని చెల్లెలు మాటిచ్చింది.

నీ సంగతి రాసుకోనా అక్కా అని అడిగితే, వేన్నీళ్ల సంచి మోకాలి మీద పెట్టుకుంటూ, "రాసుకో, జరిగిందేగా. నా పేరు మాత్రం వద్దు" అంది అక్క. రాసుకుంది. రాస్తుంటే తనకే కళ్లు చెమర్చాయి. చివర్లో, ఈ పనిలోకి వచ్చినప్పటినుంచీ ఊఁ అనిపించుకోకుండా నేను ఒక్కసారి కూడా చెయ్యి తియ్యలేదు, అని రాసింది. ఒక్కసారి కూడానా టీచర్ అనడిగింది రేడియో అమ్మాయి. ఒక్కసారి కూడా, అని ఆ మాట కింద గీత కూడా గీసి ఇచ్చింది ఆవిడ. ఆ గీత గీసిన పూటకి అది నిజమే.

ఆ అమ్మాయికి వ్యాసం చదవడం ఒక్కటే సరిపోలేదు. పూల్లో శబ్దాలు కూడా కావాలంది. నీళ్ల చప్పుడు, టీచరు వదులుతున్నా అనడం, అక్కగారు ఊఁ అనడం. చెల్లెలి ముచ్చట కోసం అక్క బేకరీలో సెలవు పెట్టి వచ్చింది. పొడుగు చేతుల ఈతబట్టలు, నెత్తిన రబ్బరు టోపీ. చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుని, స్పాంజి తొడిగిన మైకు పుచ్చుకుని ఆ అమ్మాయి గట్టు అంచున మోకాళ్ల మీద కూర్చుంది. మైకు సరిచూసుకుంటూ, అక్కగారూ సౌకర్యంగా ఉందా అని అడిగితే అక్క ఊఁ అంది. అది మాత్రం మైకులో బాగా పడింది.

పని మొదలయ్యాక అక్క బిగుసుకుపోయింది. వదులుతున్నా అంటే, ఉండు అంది. కాసేపాగి మళ్లీ అంటే, ఇవాళ కాదులే అంది. బ్యాచ్‌లో మిగతా ఆడవాళ్లు నీళ్లలో గట్టు వెంబడి బిగించిన రైలింగు పట్టుకుని వరసగా నిలబడి చూస్తున్నారు. గట్టు మీద అమ్మాయి ఇంకోచోటికి వెళ్లాలని గడియారం చూసుకుంటోంది. టీచరుకి లోపల చిరాకు మొదలైంది. ఎన్ని నెలల కష్టం, రెండు వేళ్లు కూడా అక్కర్లేదు ఈవిడకి, ఉత్త మొండితనం, అనుకుంది. ఇవాళ కాదులే అంటే ఇవాళ కాదనేదే ఆవిడ పద్ధతి. కానీ మైకు ఇవాళే ఉంది.

"పట్టుకున్నావా?" అంది అక్క కళ్లు మూసుకునే.

"పట్టుకునే ఉన్నా" అంది టీచరు. అంటూనే రెండు వేళ్లూ తీసేసింది.

అక్క తేలింది. నిజంగానే తేలింది. మొహం మీద ఎండ పడుతుంటే, ఏమీ తెలియకుండా, ఆకులా తేలింది. టీచరుకి ఒళ్లంతా పొంగిపోయింది. గట్టు వైపు తిరిగి, తనకి తెలియకుండానే రెండు చేతులూ నీళ్లలోంచి పైకెత్తి రేడియో అమ్మాయికి చూపించింది. చూస్తున్న ఆడవాళ్లలో ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడుకి అక్క కళ్లు తెరిచింది.

మునిగింది నడుం లోతులోనే. చెల్లెలు వెంటనే లేవదీసింది. అయినా నీళ్లు ముక్కులోకి పోయి, దగ్గుతో ఉక్కిరిబిక్కిరై, చెల్లెలి చేతులు తోసేసి రైలింగు పట్టుకుంది. అప్పుడైనా ఈవిడ ఊరుకుందా? కంగారులో నవ్వుతూ, తేలావక్కా, చూశావా, నీ అంతట నువ్వే తేలావు, అంది. ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ, దాన్ని ఇంతకు ముందు ఎక్కడ విన్నదో గుర్తు రాలేదు. అక్క దగ్గు ఆగేదాకా ఆగి, చెల్లెలి మొహంలోకి చూసి, మెల్లిగా అంది.

"నాన్న కూడా ఇలాగే చేతులెత్తి చూపించాడు."

రైలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది. నీళ్లలో నిలబడ్డ టీచరుకి ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర, కళ్లు అలా ఎర్రబడ్డాయేంటని బావ అడిగాడు. కాస్త నీళ్లు మింగాను, అలవాటు లేక, అంది అక్క, కూర వడ్డిస్తూ. చెల్లెలికీ వడ్డించింది, ఎప్పుడూ వేసినంతే. తన తప్పుని అక్క కప్పిపెడుతుంటే, ఈవిడ నోరెత్తకుండా తింటోంది. అలా తింటున్నందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

మేడ మీదకి వెళ్లి వ్యాసం ముందేసుకుంది. ఒక్కసారి కూడా అన్న ముక్క కొట్టేస్తే సరిపోతుందనుకుంది. కొట్టేస్తే ఆ వ్యాసంలో ఏమీ మిగల్లేదు, పూల్ నిబంధనల బోర్డులా ఉంది. పోనీ అని, దాదాపు ఒక్కసారి కూడా, అని రాసి చూసింది. రాసి, తనే సిగ్గుపడి గట్టిగా గీకేసింది. దాదాపు వదల్లేదు అంటే మునిగిన మనిషికేం ఒరుగుతుంది? ఉన్నదున్నట్టు రాసేద్దామా అనుకుంది. రాస్తే పిల్లల తల్లులేమంటారు, ఆ కోచ్ ఎంత నవ్వుతాడు, రేడియో అమ్మాయి ఏమనుకుంటుంది. ఇన్ని మొహాలు కళ్లముందు తిరిగాయి గానీ, అసలు చూడాల్సిన మొహం కింద గదిలోనే ఉందని తెలిసి కూడా మెట్లు దిగలేకపోయింది. ఆ వాక్యం ఎలా ఉన్నది అలాగే ఉండిపోయింది.

రేడియో గది అగ్గిపెట్టెంత ఉంది. గోడలకి మెత్తలు, మధ్యలో మైకు, అద్దం అవతల ఆ అమ్మాయి. ఆ వాక్యం దగ్గరికొచ్చేసరికి టీచరు గొంతు వణికింది. భయంతో వణికిన గొంతుని అమ్మాయి ఆర్ద్రత అనుకుని, అద్దం వెనకనుంచి బ్రహ్మాండం అన్నట్టు చెయ్యి ఊపింది. తర్వాత పూల్లో తీసిన శబ్దాలు వినిపించింది. వదులుతున్నా అని టీచరు. ఊఁ అని అక్క. ఆ వెంటనే నీళ్ల మెత్తని చప్పుడు, దాని మీద చప్పట్లు. ఉండు, ఇవాళ కాదులే, పట్టుకున్నావా, పట్టుకునే ఉన్నా, దగ్గు, ఇవేవీ లేవు.

"అక్కగారు కంగారుపడిందంతా తీసేశానండీ. ఊఁ మాత్రం మొదట్లో అన్నది తెచ్చి ఇక్కడ పెట్టాను. బాగుందా టీచర్?"

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సందు దొరకదు. ఆ గదిలో బయటి చప్పుడు కూడా రాదు. బాగుంది, అంది టీచరు.

ఆదివారం బావ రేడియో గొంతు పెంచి ఇరుగుపొరుగుకి కూడా వినపడేలా పెట్టాడు. అక్క బల్ల దగ్గర కూరగాయలు తరుగుతోంది. కాలువ కథ వచ్చింది, బావ నిట్టూర్చాడు. వదులుతున్నా వచ్చింది, ఊఁ వచ్చింది. అక్క చేతిలో కత్తి ఆగింది. టీచరు చేతుల్లోకి చూసుకుంటూ కూర్చుంది. నేల చీలితే అందులోకి పోదామన్నంత సిగ్గేసింది. అయిపోగానే బావ ఎగిరి గంతేసి, మా చేపపిల్ల ఊరందరినీ ఏడిపించిందని పక్కింటివాళ్లకి చెప్పడానికి వెళ్లాడు. అక్క మళ్లీ తరగడం మొదలుపెట్టి, తలెత్తకుండానే అడిగింది.

"ఆ ఊఁ నేనెప్పుడన్నానే?"

"ముందు... సౌకర్యంగా ఉందా అని అడిగింది కదా, అప్పుడు."

ఓహో, అంది అక్క. గిన్నెలో ముక్కలు వేసి, పొయ్యి దగ్గరికి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ, చదవడం బాగానే చదివావు, అంది. అది ఎత్తిపొడుపు కూడా కాదు. నిజంగానే బాగా చదివింది మరి.

ఇక మొదలయ్యాయి మెచ్చుకోళ్లు. మీ చేతిలో పెడితే పిల్ల భద్రం అంటూ కొత్త తల్లులు పూల్‌కి వచ్చారు. ఇన్నాళ్లూ వేళాకోళం చేసిన కోచ్, మీరు చెప్పింది నిజమేనండీ, నేనూ అలాగే నేర్పుతున్నానన్నాడు. పూల్ మేనేజరు మరీ ఒక అడుగు ముందుకేసి, లోతు తక్కువున్న వైపు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించేశాడు: ఊఁ అనేదాకా మేం చెయ్యి వదలం. రోజూ ఆ గోడకేసి తిరిగే పాఠం చెప్పాలి. ఆవిడ దానికి వీపు పెట్టి చెప్పడం నేర్చుకుంది. వదులుతున్నా అనే మాట దగ్గర నాలుక తడబడేది. శిష్యురాళ్లు ఊఁ అన్నాక కూడా చేతులు తియ్యడానికి భయపడి అలాగే పట్టుకుని నిలబడేది. టీచర్, ఊఁ అన్నానండీ, వదలండి, అని వాళ్లే చెప్పాల్సి వచ్చేది.

బేకరీలో అక్కకీ ఇదే గోల. మీ చెల్లెలు ఎంత గొప్పగా చెప్పిందండీ అని రొట్టె కొనడానికొచ్చిన ప్రతివాళ్లూ అనేవాళ్లు. అవునండీ, అని అక్క పొట్లం కట్టి ఇచ్చేది. పూల్‌కి మాత్రం రావడం మానేసింది. పని ఎక్కువైందని బావకి చెప్పింది. ఆగిపోయిన మోకాళ్ల నొప్పి మళ్లీ పట్టుకుంది. ఇంటి మెట్లు పక్కకి తిరిగి, గోడ పట్టుకుని, ఒక్కోటీ దిగడం చెల్లెలు పైనుంచి చూసింది. ఆ దిగడం చూశాక ఇంక ఆగలేకపోయింది.

బేకరీ మూసేవేళకి వెళ్లింది. అక్క అద్దాల బీరువా తుడుస్తోంది. జనమంతా వెళ్లిపోయారు. వేడి ఇంకా ఆరని పొయ్యి గదిలోంచి తీపి వాసన వస్తోంది. ఎంతసేపు సాధన చేసుకొచ్చిందో, ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదు.

"తప్పయిందక్కా."

అక్క తుడవడం ఆపలేదు. "ఏది తప్పు? వదిలెయ్యడమా, పట్టుకునే ఉన్నా అనడమా, రేడియోలో చదవడమా?"

"మూడూ."

"నాన్న రెండే చేశాడు" అంది అక్క.

టీచరుకి ఏడుపు తన్నుకొచ్చింది. కౌంటరు మీద మోచేతులు ఆనించి, చిన్నపిల్లలా ఏడ్చింది. అక్క గుడ్డ పిండి ఆరేసింది, చేతులు తుడుచుకుంది, మిగిలిపోయిన బన్ను ఒకటి తీసి చెల్లెలి ముందు పెట్టింది. క్షమించానని మాత్రం అనలేదు. అలాంటివి అనే అలవాటు ఆవిడకి లేదు, అనాలనీ అనిపించినట్టు లేదు. కాసేపయ్యాక, తన మోకాళ్లకి చెల్లెలి కన్నీళ్లతో పని లేదనీ, పూల్ నీళ్లతోనే పననీ, రేపట్నుంచి వస్తాననీ చెప్పింది.

"కానీ నువ్వు నీళ్లలో దిగకు. గట్టు మీదే కూర్చో. నన్ను ముట్టుకోకు."

అలాగే అయింది. ఆడవాళ్ల బ్యాచ్ వేళకి అక్క వచ్చి, రైలింగు పట్టుకుని నీళ్లలో అటూ ఇటూ నడిచేది. తర్వాత మెల్లిగా వెనక్కి వాలి, రైలింగుని తల పక్కనుంచి రెండు చేతులతో పట్టుకుని, కాళ్లు పైకి తేలనిచ్చేది. మిగతావాళ్ల పాఠం అయ్యాక టీచరు గట్టెక్కి, అక్కకి ఎదురుగా, ముట్టుకోవడానికి అందనంత దూరంలో కూర్చునేది. గోడ మీద ఆ అక్షరాలు సరిగ్గా ఆవిడ నెత్తి మీదే ఉండేవి. కూర్చున్నంతసేపూ చేతులు తొడల కింద పెట్టుకునేది.

ఇది చూసేవాళ్లకి వింతగానే ఉంటుంది. అడగడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు. కొత్తగా కూతుర్ని చేర్చిన ఒకావిడకి ఆ మొహమాటం లేదు. రేడియోలో విని, పనిగట్టుకుని ఊరి ఆ చివరనుంచి బస్సెక్కి వచ్చిన మనిషి. ఒకరోజు కూతురి టోపీ సర్దుతూ, అందరి ముందూ నవ్వుతూనే అడిగింది.

"సొంత అక్కగారికి మీరే నేర్పరేం టీచర్?"

ఆవిడ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారని ముందే అల్లిపెట్టుకుంది. మా అక్కకి రైలింగే అలవాటండీ అంటే చాలు, అందరూ నవ్వేస్తారు, అయిపోతుంది. నోరు తెరిచింది. నీళ్లలో అక్క కాళ్లాడించడం ఆపింది. ఇటు చూడలేదు, ఆకాశం కేసి చూస్తూ అలాగే ఉంది. ఈసారి కూడా అక్క తనని కాపాడుతుందని, ఏమన్నా ఊరుకుంటుందని టీచరుకి తెలుసు. అలా తెలియడమే అన్నిటికన్నా సిగ్గుగా అనిపించింది.

"మా అక్క ఊఁ అనలేదు" అంది. "వద్దంది. పట్టుకునే ఉన్నానని అబద్ధం చెప్పి వదిలేశాను. మీరు రేడియోలో విన్న ఊఁ, వదలమని అన్నది కాదు. అది తెలిసి కూడా ఒక్కసారి కూడా వదల్లేదని చదివాను. అందుకే నన్ను ముట్టుకోనివ్వదు."

ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్లు తలలు దించుకున్నారు. కొత్తావిడ నవ్వు మొహం మీదే ఆగిపోయింది. కూతురి భుజం మీద చెయ్యి వేసి తన వైపుకి లాక్కుంది. టీచరు మొహం చెవులదాకా కాలిపోయింది. పిల్ల మాత్రం తల్లి చేతి కిందనుంచే, మరి నన్నూ అలాగే వదిలేస్తారా అని అడిగింది. వదలనని చెప్పడానికి ఆవిడకి నోరు రాలేదు. ఆ మాట ఒకసారి చెప్పి అనుభవించింది. నువ్వూ మా అక్కలాగే రైలింగు పట్టుకుని నేర్చుకో, నా చెయ్యి కావాలనిపిస్తే అప్పుడు చూద్దాం, అంది. తల్లి ఏమనుకుందో ఏమో, వెళ్లిపోతుందనే అనుకున్నారంతా. వెళ్లలేదు, గట్టు మీద కూర్చుంది, తువ్వాలు ఒళ్లో పెట్టుకుని.

అప్పుడు నీళ్లలోంచి అక్క పిలిచింది.

"చిన్నీ."

ఆ పిలుపు విని ఎన్నాళ్లయిందో. టీచరు వంగి చూసింది. అక్క వెల్లకిలా పడుకుని ఉంది. రెండు చేతులూ రైలింగు మీదే ఉన్నాయి. వేళ్లు బిగించి లేవు.

"వదులుతున్నా" అంది అక్క.

టీచరుకి మొదట అర్థం కాలేదు. అక్క ఆగింది. పద్ధతి పద్ధతే కదా, అవతలి మనిషి అనేదాకా ఆగాలి. బ్యాచ్ అంతా ఆగింది, ఆ పిల్ల కూడా ఆగింది.

"అనవేం?" అంది అక్క.

"ఊఁ" అంది టీచరు.

అక్క అప్పుడు రైలింగు వదిలింది.